చూపు చెడకముందే నేత్రపటల పరీక్ష: పంచాయతీ సభ్యులకు ఒక పాఠము

ఇంద్రియములన్నిటిలో కన్ను ప్రధానమని మన పెద్దలు చెప్పుదురు. కంటి విషయమున మన పల్లెలు ఇటీవలి కాలమున చాలవరకు మేలుకొన్నవి. మోతిబిందు, అనగా శుక్లము, వచ్చిన వృద్ధులు వెనుకటివలె ఇంటి మూలను కూర్చుండుట లేదు. ఆపరేషను చేయించుకొని తిరిగి తమ పనులు తాము చూచుకొనుచున్నారు. దగ్గరి వస్తువులు ఆననివారు అద్దములు పెట్టుకొనుచున్నారు. ఇది సంతోషింపదగిన మార్పు.

కాని శుక్లపు ఆపరేషనుతోను, అద్దములతోను తీరని కంటి జబ్బులు మరికొన్ని కలవు. అవి కంటి లోపలి వెనుక గోడమీద, నేత్రపటలమున పుట్టును. వానికి నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, నీరు కారదు. చూపు తగ్గినదని మనిషి తెలిసికొను నాటికి జరుగవలసిన నష్టము చాలవరకు జరిగియుండును. అట్టి నష్టమును ముందుగా కనిపెట్టు సాధనములు నేడు వైద్యుల చేతికి వచ్చినవి. వానిని గూర్చియు, ఈ విషయమున గ్రామ పంచాయతీ చేయదగిన పనిని గూర్చియు ఈ పాఠమున తెలిసికొందము.

కంటి వెనుక గోడ

కంటిలోనికి వెలుతురు ముందుగా నల్లగ్రుడ్డు మీది పారదర్శకమైన పొర గుండ ప్రవేశించును. తరువాత కంటిపాప అను రంధ్రమును దాటి, దాని వెనుకనున్న కటకము గుండ పోయి, కంటి వెనుక గోడకు అంటియున్న సన్నని పొరమీద పడును. ఈ పొరనే నేత్రపటలము లేక రెటీనా అందురు. దీని మందము మిల్లీమీటరులో నాలుగవ వంతునకు అటు ఇటుగా ఉండును. ఇంత పలుచని పొరలో వెలుతురును గ్రహించు కణములు, వానికి తోడ్పడు నాడీ కణములు, సన్నని రక్తనాళములు పొరలు పొరలుగా అమరియున్నవి.

నేత్రపటలము నడుమ పసుపు చుక్క అను చిన్న స్థలము కలదు. చదువుట, సూదిలో దారము ఎక్కించుట, ఎదుటివారి ముఖమును గుర్తించుట మున్నగు సూక్ష్మమైన చూపంతయు ఆ చుక్క వలననే కలుగును. దానికి కొంచెము ప్రక్కగా దృక్ నాడి మొదలగు స్థలము ఉన్నది. నేత్రపటలము గ్రహించిన దృశ్యము ఈ నాడి ద్వారా మెదడునకు చేరును. కటకము ఎంత నిర్మలముగా ఉన్నను, నేత్రపటలము గాని దృక్ నాడి గాని చెడినచో చూపు లేదు. వెలుతురు లోనికి పోవును. దానిని అందుకొనువారు ఉండరు.

మరియొక విశేషము కలదు. శరీరములోని రక్తనాళములను కోత లేకుండ కంటితో నేరుగా చూడగల స్థలము నేత్రపటలము. కావుననే కంటి జబ్బులే కాక, మధుమేహము, రక్తపోటు రక్తనాళములకు చేయుచున్న కీడు కూడ ఇచ్చట వైద్యునికి కనబడును.

ఆగి చూచుట ఎందుకు పనికిరాదు

శుక్లము విషయమున మన పల్లెలలో ఒక పాత అలవాటు ఉన్నది. "ఇంకను ముదురలేదు, ముదిరిన తరువాత తీయింతము" అని ఏండ్ల తరబడి ఆగుదురు. నేటి వైద్యములో శుక్లము ముదురువరకు ఆగనవసరము లేదు. అయినను ఆగినవారికి కూడ సాధారణముగా ఆపరేషను తరువాత చూపు తిరిగి వచ్చుచున్నది. ఏలయన చెడినది కటకము, దాని స్థానమున క్రొత్త కటకమును అమర్చవచ్చును.

నేత్రపటలము సంగతి అట్లు కాదు. అది నాడీ సంబంధమైనది. చెడిన నేత్రపటలమును తీసి క్రొత్తది అమర్చు విధానము లేదు. వైద్యుడు చేయగలిగినదెల్ల, చెడుట మొదలైనపుడు దానిని ఆపుట, మిగిలిన చూపును కాపాడుట. చెరువు కట్టకు ఊట పట్టినపుడే మన్ను వేసి అణగగొట్టినచో కట్ట నిలుచును. గండి పడిన తరువాత తట్టలు, పారలు తెచ్చినను పోయిన నీరు తిరిగి రాదు. శుక్లమునకు పనికివచ్చిన "ఆగి చూతము" అను మాట నేత్రపటలమునకు అపాయకరము. ఈ పాఠమున ఒక్క సంగతియే గుర్తుంచుకొనదలచినచో ఇదియే గుర్తుంచుకొనవలెను.

మధుమేహము కంటిని చెరచు విధము

నేత్రపటలమును చెరచు కారణములలో మన గ్రామములకు నేడు ముఖ్యమైనది మధుమేహము. రక్తములో చక్కెర ఏండ్ల తరబడి హెచ్చుగా ఉన్నచో సన్నని రక్తనాళముల గోడలు బలహీనపడును. మొదట అవి అక్కడక్కడ చిన్న బుడగలవలె ఉబ్బును. వానినుండి రక్తపు చుక్కలు, క్రొవ్వుతో కూడిన ద్రవము బయటికి ఊరును. ఆ ద్రవము పసుపు చుక్కకు చేరినచో అచ్చట వాపు కలిగి చూపు మసకబారును. కొన్ని నాళములు మూసికొనిపోవును. రక్తము అందని భాగము క్రొత్త నాళములను పుట్టించుకొనును. కాని అవి మిక్కిలి పెళుసైనవి. అవి చిట్లినపుడు కంటి లోపల రక్తము నిండి చూపు ఒక్క పూటలో పోవచ్చును. వాని వెంట పెరిగిన పొరలు నేత్రపటలమును లాగి గోడనుండి ఊడదీయవచ్చును.

ఇది ఒక్కనాటిలో జరుగునది కాదు. తొలి దశ మొదలుకొని చివరి దశ వరకు సాధారణముగా కొన్ని ఏండ్లు పట్టును. ఆ ఏండ్లలో చాలకాలము రోగికి చూపు బాగుగనే ఉండును. పెద్ద కొడప్‌గల్ వంటి ఊరిలో 50 ఏండ్ల రైతు ఒకరు ఉన్నారని అనుకొందము. పది ఏండ్లుగా షుగరు మాత్రలు వేసికొనుచున్నారు. ప్రత్తి చేనిలో పురుగును దూరమునుండియే గుర్తుపట్టుచున్నారు. "నా కన్నులకేమి, దివ్యముగా ఉన్నవి" అని ఆయన చెప్పుట సహజమే. కాని ఆయన పసుపు చుక్కకు గోరంత దూరముగ కూడ లేని చోట నాళము ఊరుచుండవచ్చును. అక్షరముల పటము ముందు నిలువబెట్టి చేయు చూపు పరీక్షలో అది తెలియదు. కంటి లోపలికి చూచిననే తెలియును.

మన దేశములో మధుమేహము ఎంత వ్యాపించినదో తెలిపు లెక్క ఒకటి 2023లో వెలువడినది. భారత వైద్య పరిశోధన మండలి జరిపించిన ఆ పరిశోధన ప్రకారము దేశమున సుమారు 10 కోట్ల 10 లక్షలమంది మధుమేహముతో ఉన్నారు. 2022లో ప్రకటింపబడిన మరియొక దేశవ్యాప్త పరిశోధనలో 40 ఏండ్లు దాటిన మధుమేహ రోగులను పరీక్షింపగా నూటికి 12 లేక 13 మందికి నేత్రపటలమున దోషము కనబడినది. నూటికి 4గురికి అది చూపును పోగొట్టు దశలో ఉన్నది. ఈ లెక్కను మన గ్రామమునకు అన్వయించి చూతము. ఒక పంచాయతీలో 40 ఏండ్లు దాటిన మధుమేహ రోగులు 80 మంది ఉన్నచో, సగటున 10 మందికి నేత్రపటలమున దోషము మొదలైయుండును. వారిలో 3గురు చూపు పోగొట్టుకొను అంచున ఉందురు. ఆ 3గురు ఎవరో వారి ముఖము చూచి చెప్పుట ఎవరి తరమును కాదు.

ఇతర వ్యాధులు

నేత్రపటల పరీక్షలో తెలియు ఇతర వ్యాధులను క్లుప్తముగా చెప్పుకొందము.

నీటికాసులు, అనగా గ్లాకోమా, దృక్ నాడిని మెల్లగా చంపును. మొదట ప్రక్కల చూపు తగ్గును. ఎదుటి చూపు నిలిచియుండుటచే రోగి గమనింపడు. తల్లిదండ్రులకు గాని తోడబుట్టినవారికి గాని ఈ జబ్బు ఉన్నవారు విశేషముగా జాగ్రత్తపడవలెను.

ముసలితనములో పసుపు చుక్క క్షీణించు జబ్బు ఒకటి ఉన్నది. గీతలు వంకరగా కనబడుట, చూచుచోట నడుమ మచ్చవలె తోచుట దాని గుర్తులు. పొగ త్రాగువారికి ఈ ప్రమాదము హెచ్చు.

దూరపు చూపు మిక్కిలి తక్కువై మందపు అద్దములు వాడువారికిని, కంటికి గట్టి దెబ్బ తగిలినవారికిని నేత్రపటలము చిరిగి ఊడిపోవు భయము కలదు. కంటి ముందు హఠాత్తుగా నల్లని చుక్కలు ఎగురుట, మెరుపులు మెరసినట్లు తోచుట, ఒక ప్రక్కనుండి తెర దించినట్లగుట దాని సూచనలు. ఇట్టివారు మరునాటి వరకు ఆగక ఆనాడే కంటి వైద్యుని చేరవలెను.

నెలలు నిండక పుట్టిన బిడ్డల సంగతి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. 34 వారములు నిండకముందు పుట్టిన బిడ్డకును, 2 కిలోలకంటె తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకును నేత్రపటలపు రక్తనాళములు సరిగా పెరుగక అంధత్వము కలుగవచ్చును. పుట్టిన 30 రోజులలోపల ఒక్కసారి కంటి పరీక్ష జరిపించినచో చాలమంది బిడ్డలను కాపాడవచ్చును. మరీ తక్కువ బరువుగల బిడ్డలకు ఇంకను ముందుగా, రెండు మూడు వారములకే జరిపింపవలెను. ఇచ్చట గడువు ఏండ్లు కాదు, రోజులు.

పరీక్షా సాధనములు

బ్రదికియున్న మనిషి కంటి లోపలి గోడను చూచుటకు అనువైన సాధనమును 1851లో జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు హెర్మన్ హెల్మ్‌హోల్జ్ లోకమునకు ప్రకటించెను. అద్దముతో వెలుతురును కంటిలోనికి పంపి, తిరిగి వచ్చు వెలుతురులో లోపలి గోడను చూచుట అందలి కిటుకు. దాని సంతతియైన పరికరము నేటికిని ప్రతి కంటి వైద్యుని చేతిలో ఉన్నది. కంటిపాపను చుక్కల మందుతో పెద్దది చేసి, అనుభవముగల వైద్యుడు చేయు ఈ పరీక్షకు నేటికిని విలువ తగ్గలేదు. అయితే ఆ చూచినది వైద్యుని మనస్సులోను, ఆయన వ్రాసిన చీటిలోను మాత్రమే నిలుచును. వచ్చిన ఏడు మరియొక వైద్యుడు చూచినచో పోల్చుకొనుట కష్టము.

ఈ లోపమును తీర్చినది ఫండస్ కెమెరా. ఇది నేత్రపటలమునకు రంగుల ఛాయాచిత్రము తీయును. రోగి గడ్డమును ఒక ఆనికమీద ఉంచి ఎదుటి గుర్తును చూచుచుండగా, ఒక్క మెరుపుతో చిత్రము తయారగును. నేడు చేతిలో పట్టుకొనిపోదగిన చిన్న కెమెరాలు, కొన్ని చుక్కల మందు వేయకయే చిత్రము తీయునవి, వచ్చినవి. శిక్షణ పొందిన సహాయకుడు గ్రామమున చిత్రము తీసి పంపినచో పట్టణమున వైద్యుడు చూచి సలహా చెప్పవచ్చును. చిత్రమును చూచి మధుమేహ దోషమును గుర్తించు కంప్యూటరు విధానమునకు 2018 ఏప్రిలులో అమెరికా ప్రభుత్వము అనుమతి ఇచ్చెను. కంప్యూటరు అనుమానమును తెలుపును; నిర్ణయము, చికిత్స వైద్యునివే.

సాధారణమైన ఫండస్ కెమెరా నేత్రపటలపు నడిమి భాగమునే చూపును. అంచులను కూడ చూపు విశాల చిత్రముల యంత్రము పుట్టుటకు ఒక తండ్రి దుఃఖము కారణమైనది. స్కాట్లండు దేశమున డగ్లస్ ఆండర్సన్ అను ఆయన చిన్న కుమారునికి నేత్రపటలము ఊడి ఒక కంటి చూపు పోయెను. పరీక్షలు జరుగుచున్నను పసిబిడ్డకు అవి కష్టముగా ఉండుటచే వ్యాధి సకాలమున పట్టుబడలేదు. ఆ తండ్రి 1992లో సంస్థను స్థాపించి, లేజరు కాంతితో నేత్రపటలములో నూటికి 80 వంతులకు పైగా ఒక్క చిత్రములో చూపు యంత్రమును తయారు చేయించెను.

ఇక నేత్రపటలపు స్కానింగు అని నేడు విశేషముగా చెప్పబడునది ఓ.సి.టి. అను పరీక్ష. 1991లో అమెరికాలోని మాసచ్యుసెట్స్ సాంకేతిక సంస్థ పరిశోధకులు దీనిని ప్రకటించిరి. కంటికి కనబడని పరారుణ కాంతిని సన్నని కిరణముగా లోనికి పంపి, ఒక్కొక్క పొరనుండి అది తిరిగి వచ్చుటలోని భేదమును లెక్కించి, నేత్రపటలపు నిలువుకోత చిత్రమును ఈ యంత్రము గీయును. మిల్లీమీటరును వేయి భాగములు చేసినచో వానిలో అయిదారు భాగములంత సూక్ష్మమైన భేదమును కూడ ఇది చూపగలదు.

ఈ మూడింటి భేదమును మన గ్రామ వ్యవహారముతో పోల్చి తెలిసికొనవచ్చును. సాధారణ ఫండస్ చిత్రము ఊరి నడిబొడ్డు నక్షా వంటిది. విశాల చిత్రము శివారులతో కూడిన గ్రామము మొత్తపు నక్షా. ఓ.సి.టి. చిత్రము త్రవ్విన బావి గోడ వంటిది. పైన నల్లరేగడి ఎంత, క్రింద మొరము ఎంత, ఎచ్చట ఊట పుట్టినదో నిలువునా కనబడును. నక్షా చూచి భూమి లోపలి నీటిని చెప్పలేము. బావిని చూచి ఊరి హద్దులు చెప్పలేము. కావున ఏ రోగికి ఏ పరీక్ష కావలెనో వైద్యుడు నిర్ణయించును. అందరికి అన్నియు అవసరము లేదు. మధుమేహ రోగులందరికి మొదట కావలసినది ఏడాదికి ఒకసారి నేత్రపటలమును చూచుట లేక చిత్రము తీయుట. పసుపు చుక్క వాపు, నీటికాసులు మున్నగు అనుమానమున్నపుడు ఓ.సి.టి. అవసరమగును.

పరీక్ష వలన ఫలమున్నదా?

పరీక్షలో దోషము తెలిసినచో చేయదగినది కలదు. తొలి దశలో చక్కెరను, రక్తపోటును అదుపులో ఉంచుటయే ముఖ్య చికిత్స. ముదిరిన దశలో లేజరు కిరణములతో పెళుసు నాళముల పెరుగుదలను అణచుదురు. ఈ చికిత్స తీవ్రమైన చూపు నష్టమును సగమునకు పైగా తగ్గించునని 1976లోనే అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధన తేల్చినది. పసుపు చుక్క వాపునకు కంటిలోనికి ఇచ్చు సూదిమందులు ఉన్నవి. లోపల రక్తము నిండినచో ఆపరేషను కలదు. అయితే చికిత్స ఎంత ముందైన అంత తక్కువ కష్టము, అంత ఎక్కువ ఫలము.

దేశము మొత్తముగా ఈ పని చేసినచో ఏమగునో ఇంగ్లండు, వేల్సు ప్రాంతముల అనుభవము చూపుచున్నది. 12 ఏండ్లు దాటిన మధుమేహ రోగులందరి పేర్లు పట్టికలో చేర్చి, పిలిపించి, నేత్రపటలపు చిత్రములు తీయు పద్ధతిని 2003 మొదలుకొని అచ్చట విస్తరింపజేసిరి. పనిచేయు వయస్సువారి అంధత్వమునకు అచ్చట దశాబ్దములుగా మధుమేహమే ప్రథమ కారణముగా ఉండెడిది. 2009–10 సంవత్సరపు లెక్కలలో, కనీసము అయిదు దశాబ్దములలో మొదటిసారిగా, అది ఆ స్థానమునుండి దిగిపోయెను. ఇందుకు చికిత్సయు, చక్కెర అదుపును తోడ్పడినవి. కాని పేర్ల పట్టిక లేనిచో చికిత్స ఎవరికి చేయవలెనో తెలియదు గదా.

మన ప్రాంతపు అనుభవము

మన తెలుగు నేలమీద కంటి వైద్యమును పల్లెలకు చేర్చు ప్రయత్నములు చాల జరిగినవి. అంధత్వ నివారణకై భారత ప్రభుత్వము 1976లో జాతీయ కార్యక్రమమును ఆరంభించెను. హైదరాబాదులోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి రాష్ట్రము నలుమూలలనుండి వచ్చు రోగులకు పెద్ద దిక్కుగా ఉన్నది. 1987లో డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థను స్థాపించిరి. ఆ సంస్థ 1996లో గోదావరికి ఆవలనున్న ముధోల్‌లో, నాటి ఆదిలాబాదు జిల్లాలో, తన మొదటి గ్రామీణ కంటి కేంద్రమును నెలకొల్పెను. సుమారు 50 వేలమంది జనాభాకు ఒక చిన్న దృష్టి కేంద్రము, అట్టి కేంద్రములకు పైన ఆపరేషను చేయగల ఆసుపత్రి, దానికి పైన పెద్ద సంస్థ అను మెట్ల పద్ధతిని ఆ సంస్థ అనుసరించుచున్నది. క్రింది మెట్టున కనిపెట్టుట, పై మెట్టున చికిత్స చేయుట అను ఈ క్రమము నేత్రపటల వ్యాధులకు మిక్కిలి తగినది.

2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూరులో తెలంగాణ ప్రభుత్వము కంటి వెలుగు కార్యక్రమమును ప్రారంభించెను. 2019 వరకు సాగిన మొదటి విడతలో సుమారు 1 కోటి 54 లక్షలమందికి చూపు పరీక్ష జరిగినది. రెండవ విడత 2023 జనవరి 18న ఖమ్మములో మొదలై 100 పనిదినములు సాగినది. గ్రామములలోనే శిబిరములు జరుగుటచే, అంతకుముందు ఎన్నడును కంటి పరీక్ష ఎరుగనివారు పరీక్ష చేయించుకొనిరి. అయితే ఆ శిబిరముల ముఖ్యమైన పని చూపు పరీక్ష, అద్దములు ఇచ్చుట, మిగిలినవారిని పై ఆసుపత్రికి సూచించుట. నాడు అద్దములు పుచ్చుకొన్న మధుమేహ రోగి నేత్రపటల పరీక్ష కూడ అయినదని తలచి ఊరకుండరాదు. నాడు బాగుగ ఉన్న నేత్రపటలము నేడును బాగుగ ఉన్నదను నమ్మకము లేదు.

2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా ఏర్పడినపుడు పెద్ద కొడప్‌గల్ మండల కేంద్రమైనది. బాన్సువాడ రెవెన్యూ డివిజనులోని ఈ మండలము మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులకు చేరువలో ఉన్నది. ఇచ్చటి ప్రజలు బాన్సువాడ ఏరియా ఆసుపత్రికి, నిజామాబాదు ప్రభుత్వ ఆసుపత్రికి, హైదరాబాదునకు పోవుటకు రోడ్డు వసతి కలదు. కొరత రోడ్డు కాదు; చూపు బాగుగ ఉన్నవానిని ఆ రోడ్డు ఎక్కించు పూనిక. ఒక దినపు కూలి పోవును, బస్సు ఖర్చు అగును, తోడు ఒకరు రావలెను. జబ్బు తెలియనివాడు ఇవన్నియు ఓర్చుకొని తనంత తాను పోడు. పంచాయతీ పూనుకొనవలసిన చోటు ఇదియే.

ప్రజలు అడుగు ప్రశ్నలు

"స్కానింగు వలన కంటికి హాని కలుగునా?" కలుగదు. ఇందులో ఎక్స్‌రే కిరణములు లేవు. మితమైన వెలుతురు మాత్రమే వాడుదురు. పరికరము కంటిని తాకదు, నొప్పి ఉండదు. కొన్ని నిమిషములలో ముగియును.

"ఆధార్ నమోదులోను, రేషను దుకాణములోను కంటిని యంత్రమునకు చూపితిమి గదా, అది చాలదా?" చాలదు. ఆ యంత్రము కంటిపాప చుట్టునున్న రంగు వలయపు చిత్రమును తీసి మనిషిని గుర్తుపట్టును. లోపలి నేత్రపటలమును అది చూడదు, జబ్బును చెప్పదు.

"చుక్కల మందు వేసినచో చూపు పోవునని భయము." పోదు. మందు వేసిన 20, 30 నిమిషములకు కంటిపాప పెద్దదగును. తరువాత 4 నుండి 6 గంటల వరకు దగ్గరి చూపు మసకగా ఉండును, ఎండ చూడలేరు. కావున ఆనాడు మోటారు సైకిలు నడుపరాదు. తోడు ఒకరిని తీసికొనిపోవలెను. తలకు తువ్వాలో గొడుగో ఉంచుకొనవలెను.

"ఒకసారి బాగుగ ఉన్నదని చెప్పిరి, మరల ఎందుకు?" మధుమేహము ఉన్నంతకాలము ప్రమాదము ఉన్నది. పెద్దవయస్సులో మధుమేహము వచ్చినవారు జబ్బు తెలిసిన వెంటనే ఒకసారి, తరువాత ఏటేట పరీక్ష చేయించుకొనవలెను. దోషము కనబడినవారు వైద్యుడు చెప్పిన గడువున ఇంకను ముందుగా పోవలెను. గర్భమునకు ముందే మధుమేహము ఉన్న స్త్రీ గర్భము నిలిచిన మొదటి 3 నెలలలోనే చూపించుకొనవలెను.

"పసరు, తేనె, ఆకురసము వేయవచ్చునా?" ఏదియు కంటిలో వేయరాదు. పై పూతలు నేత్రపటలమును చేరవు. కంటి ముందు పొరకు పుండు చేయవచ్చును.

పంచాయతీ చేయదగిన పనులు

1. పేర్ల పట్టిక: 30 ఏండ్లు దాటినవారికి చక్కెర, రక్తపోటు పరీక్షలు జరిపి పేర్లు నమోదు చేయు పని ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.లు చేయుచున్నారు. వారితో కూర్చుండి, మధుమేహ రోగులలో గడచిన 12 నెలలలో నేత్రపటల పరీక్ష కానివారు ఎందరో లెక్క తేల్చవలెను. రోగుల పేర్లు, జబ్బులు సభలో చదువరాదు; సంఖ్య మాత్రమే చెప్పవలెను.

2. ముందుగా విచారించుట: నేత్రపటల పరీక్ష ఏ దినమున, ఏ ఆసుపత్రిలో జరుగునో, ఫండస్ కెమెరా గాని ఓ.సి.టి. గాని ఎచ్చట ఉన్నదో ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారి ద్వారా కనుగొనవలెను. ఆరోగ్యశ్రీ వలన ఏ చికిత్సకు సహాయము లభించునో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి వ్రాసికొనవలెను.

3. కలసి పంపుట: పది పదిహేను మందిని ఒక్కమారు పంపినచో ఖర్చు తగ్గును, భయము తీరును. వారితో ఒక వార్డు సభ్యుడు గాని సభ్యురాలు గాని పోవుట మేలు. పొలము పనులు పలుచబడిన దినములను ఎంచుకొనవలెను.

4. స్త్రీల విషయము: బీడీలు చుట్టు స్త్రీలు, కూలి స్త్రీలు ఇంటివారి జబ్బు చూతురు గాని తమ జబ్బు చెప్పరు. స్వయం సహాయక సంఘముల సమావేశములో ఈ పాఠమును చదివి వినిపింపవలెను.

5. బిడ్డల విషయము: నెలలు నిండక పుట్టిన ప్రతి బిడ్డకు 30 రోజులలోపల కంటి పరీక్ష అయినదా అని ఆశా కార్యకర్తను అడిగి తెలిసికొనవలెను.

6. చీటి భద్రపరచుట: ప్రతి పరీక్ష చీటిని, చిత్రమును రోగి దాచుకొనునట్లు చెప్పవలెను. నిరుటి చిత్రముతో ఈ ఏటి చిత్రమును పోల్చిననే జబ్బు నడక తెలియును.

7. తిరిగి చూచుట: పంపినవారిలో ఎందరు పోయిరి, లేజరు లేక సూదిమందు చెప్పబడినవారిలో ఎందరు పూర్తి చేసికొనిరి అని 3 నెలల తరువాత విచారింపవలెను. పరీక్షతో ఆగి చికిత్సకు పోనివాని చూపును పరీక్ష కాపాడదు.

చర్చించుటకు ప్రశ్నలు

1. శుక్లము వలన పోయిన చూపునకు, నేత్రపటలము చెడి పోయిన చూపునకు భేదమేమి?
2. అక్షరములన్నియు చదువగలిగిన మధుమేహ రోగికి కంటి పరీక్ష ఎందుకు?
3. ఫండస్ చిత్రము, ఓ.సి.టి. చిత్రము ఏ ఏ సంగతులు తెలుపును?
4. మన గ్రామములో మధుమేహ రోగులు ఎందరు? వారిలో ఈ ఏడు నేత్రపటల పరీక్ష అయినవారు ఎందరు?
5. వీధి దీపము ఆరినచో పంచాయతీ మరునాడే వెలిగించుచున్నది. గ్రామమున ఒకరి కంటి దీపము ఆరకుండ చూచుటకు ఈ నెలలో ఏ దినమును నిర్ణయింతము?

చివరి ప్రశ్నకు జవాబు పుస్తకములలో దొరకదు. పంచాయతీ సమావేశములో తేదీ నిర్ణయించి, తీర్మానముల పుస్తకములో వ్రాసి, ఆనాడు మొదటి పదిమందిని బస్సు ఎక్కించినచో ఈ పాఠము సార్థకమగును.